తుంటి విరిగితే గుండెను ఎంతవరకు చూడాలి?

అందరికీ నమస్కారం.

82 ఏళ్ళ పెద్దావిడ రాత్రి లేచి నాలుగడుగులు వేసేసరికి పడిపోయారు. కాలు కురచగా కనిపిస్తోంది, పాదం బయటికి వాలిపోయింది. ఎక్స్‌రేలో తుంటి దగ్గర తొడ ఎముక మెడ విరిగింది. ఎముకల డాక్టరు ఆపరేషన్ చేయాలన్నారు. మత్తు డాక్టరు గుండె మీద ఏదో చప్పుడు విని, "కార్డియాలజీ ఫిట్‌నెస్ తెప్పించండి" అని రాశారు. గుండెను స్కాన్‌లో చూసే ఎకో పరీక్ష గది ఆ సాయంత్రానికే మూసేశారు. మర్నాడు సెలవు. ఆ పైరోజు ఎకో తీస్తే వయసుకు తగ్గ మార్పులే ఉన్నాయన్నారు. నాలుగో రోజు ఆపరేషన్ బల్ల ఎక్కే వేళకి ఆవిడకు జ్వరం, ఛాతీలో కఫం, మాటల్లో తికమక. ఇది ఏ ఒక్కరి కథో కాదు, ఎక్కడైనా ఇలాగే జరుగుతుంది. ఇందులో తప్పు చేసినవారు ఎవరూ కనబడరు. అందరూ జాగ్రత్తే పడ్డారు. ఆ జాగ్రత్తే ఆవిడను దెబ్బతీసింది.

ముందే తేదీ అనుకుని చేయించుకునే ఆపరేషన్లకు ఫిట్‌నెస్ అన్న మాట సరిపోతుంది. మోకాలి కీలు మార్పిడికి గుండె సిద్ధంగా లేకపోతే మూడు నెలలు ఆగవచ్చు, అసలు మానుకోవచ్చు. విరిగిన తుంటికి ఆ వెసులుబాటు లేదు. "ఫిట్ కాదు" అని రాసినంత మాత్రాన గుండెకు విశ్రాంతి దొరకదు. అదే గుండెతో ఆ మనిషి మంచంలో, నొప్పిలో, కదలలేక పడి ఉంటారు. అందుకే ఇక్కడ అడగాల్సింది "ఈ గుండె బాగుందా?" అని కాదు. 80 దాటాక పూర్తిగా బాగున్న గుండె ఎంతమందికి ఉంటుంది? "ఈ పరీక్షలో ఏం తేలితే రేపటి మన పని మారుతుంది?" అని అడగాలి. దానికి జవాబు లేని పరీక్షను ఆపరేషన్ అయ్యాక చేయించుకోవచ్చు, లేదా మానేయవచ్చు.

కాలం విలువ ఎంతో ముందు చూద్దాం. తుంటి విరిగిన పెద్దవారిలో నెలలోపు చనిపోయేవారు చాలా చోట్ల 100కి 5 నుంచి 10 మంది. ఏడాది తిరిగేసరికి అది 20 నుంచి 30కి చేరుతుంది. 2008లో పాత పరిశీలనలన్నీ కలిపి చేసిన ఒక సమీక్షలో, చేరిన 48 గంటలు దాటాక ఆపరేషన్ అయినవారిలో 30 రోజుల్లో మరణించే అవకాశాల నిష్పత్తి 41 శాతం ఎక్కువగా కనిపించింది. కెనడాలోని ఒంటారియోలో 42,230 మందిని చూసి 2017లో ప్రచురించిన పరిశీలనలో 24 గంటల లోపు ఆపరేషన్ అయినవారిలో 30 రోజుల మరణాలు 5.8 శాతం, ఆ తర్వాత అయినవారిలో 6.5 శాతం. వీటి మీద ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఎక్కువ జబ్బున్నవారికే ఆలస్యమవుతుంది కాబట్టి ఆ మరణాలు ఆలస్యం వల్లనా, జబ్బు వల్లనా అని. లెక్కల్లో ఎంత సరిచూసినా ఆ అనుమానం పూర్తిగా పోదు.

దాన్ని తేల్చడానికే హిప్ అటాక్ అనే పరీక్ష జరిగింది. 17 దేశాల్లో 2970 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఎముక విరిగిందని తేలాక సగటున 6 గంటల్లో, రెండో గుంపుకు 24 గంటల్లో ఆపరేషన్ అయింది. 2020లో ఫలితాలొచ్చాయి. 90 రోజుల మరణాలు 9 శాతం, 10 శాతం. తేడా తేలలేదు. త్వరగా చేసినవారిలో డెలీరియం అనే అయోమయ స్థితి, మూత్రంలో ఇన్ఫెక్షన్ తక్కువ. వారు ముందే లేచి నిలబడ్డారు, ముందే ఇంటికెళ్ళారు. మరో సంగతి కూడా చెప్పాలి. చేరేటప్పటికే ట్రోపోనిన్ పెరిగి ఉన్నవారిని, అంటే గుండె కండరం అప్పటికే దెబ్బతింటున్నవారిని, విడిగా తీసి చూస్తే త్వరగా ఆపరేషన్ అయినవారిలోనే మరణాలు తక్కువ. అది ఉప పరిశీలనే కనుక దాని మీద మరీ బరువు వేయకూడదు. అయినా "గుండె దెబ్బతింది, కొన్నాళ్ళు ఆగుదాం" అనే అలవాటును ప్రశ్నించడానికి అది చాలు. వీటన్నిటినీ పక్కపక్కన పెడితే, అర్ధరాత్రి పరుగులు పెట్టాల్సిన అవసరం లేదు, కానీ 36 గంటలు, మహా అయితే 48 గంటలు దాటకూడదు.

మంచంలో ఉన్నంతసేపూ గుండెకు ఏమవుతోంది? విరిగిన ఎముక కదిలినప్పుడల్లా నొప్పికి అడ్రినలిన్ ఎగసిపడుతుంది. నాడి వేగం, బీపీ పెరిగి గుండెకు ప్రాణవాయువు ఖర్చు పెరుగుతుంది. మరోవైపు రాబడి తగ్గుతుంది. తుంటి కీలును కప్పి ఉండే తిత్తికి కింద విరిగితే తొడ కండరాల్లోకి లీటరుకు పైగా రక్తం కారవచ్చు, బయటికి చుక్క కనిపించదు. చేరేటప్పుడు ఒంట్లో నీరు తక్కువై హిమోగ్లోబిన్ 11 చూపించినవారికి సెలైన్ ఎక్కాక అది 8 అవుతుంది. వెల్లకిలా పడుకోవడంతో ఊపిరితిత్తుల కింది భాగాలు ముడుచుకుపోయి ఆక్సిజన్ తగ్గుతుంది. రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. ఈ నాలుగూ కలిస్తే ఎలాంటి గుండైనా అలసిపోతుంది. ఎముకను సరిచేయడమే ఇక్కడ గుండెకు చేసే వైద్యంలో పెద్ద భాగం.

అందుకని మొదటి గంటలో మొదటి పని నొప్పి తగ్గించడం. పారాసెటమాల్, దాంతోపాటు తొడ నరాలను మొద్దుబార్చడానికి గజ్జ కింద ఇచ్చే ఫేషియా ఇలియాకా బ్లాక్ అనే ఇంజెక్షన్. ఆ ఇంజెక్షన్ పనిచేశాక నాడి 110 నుంచి 85కి దిగితే, దాన్ని తగ్గించడానికి వేరే గుండె మందు అక్కర్లేకుండా పోయిందన్నమాట. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలు మాత్రం ఇవ్వకూడదు. అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, నీరు నిలబెడతాయి, గుండె బలహీనంగా ఉంటే ఆయాసంలోకి నెడతాయి.

ఇప్పుడు గుండె పరీక్ష. అది యంత్రంతో కాదు, ఒక ప్రశ్నతో మొదలవుతుంది. ఎందుకు పడ్డారు? కాలికి ఏదో తగిలి, తడి నేల మీద జారి పడ్డవారు వేరు. నిలబడి ఉండగానే కళ్ళు తిరిగి, స్పృహ తప్పి పడ్డవారు వేరు. రెండో రకంలో తుంటి విరగడం గుండె జబ్బు చూపించిన మొదటి లక్షణం కావచ్చు. నాడి మరీ నెమ్మదించడం, మరీ వేగమెక్కడం, గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్ళే అయోర్టిక్ కవాటం సన్నబడడం, లేచి నిలబడగానే బీపీ పడిపోవడం, అన్నీ ఇందులోకి వస్తాయి. పెద్దవారిని అడిగితే చాలామంది "జారిపడ్డాను" అనే అంటారు. స్పృహ తప్పిన ఆ క్షణం వారికి గుర్తుండదు. పక్కనున్నవారిని అడగాలి. మొహం పాలిపోయిందా? పడేటప్పుడు చేతులు ఆన్చుకున్నారా? చేయి ఆన్చకుండా మొహం నేలకు కొట్టుకుంటే స్పృహ ముందే పోయిందని అనుమానించాలి.

తర్వాత, పడడానికి వారం ముందు ఎలా ఉన్నారు? ఆగకుండా రెండు అంతస్తుల మెట్లెక్కగలిగినవారి గుండెలో మామూలు ఆపరేషన్‌ను తట్టుకునే నిల్వ ఉన్నట్టే. మోకాళ్ళ నొప్పితో మెట్లు ఎక్కనివారి సంగతి దీంతో తేలదు. వారిని ఇంట్లో పనుల గురించి అడగాలి. నడిస్తే ఛాతీ పట్టేస్తుందా, రాత్రి ఆయాసంతో లేచి కూర్చుంటున్నారా, ఎన్ని దిండ్లు పెట్టుకుంటారు. స్టెంటు వేసి ఉంటే ఏ నెలలో వేశారు, బైపాస్ అయిందా, పేస్‌మేకర్ ఉందా. ఇంట్లోవాళ్ళు చేయగల అతి పెద్ద సాయం ఇక్కడే ఉంది. వాడే మందుల అట్టలన్నీ, పాత ఎకో రిపోర్టు, పాత ఈసీజీ, స్టెంటు కాగితం ఒక సంచిలో వేసి తీసుకురావడం. రక్తం పలచబడే బిళ్ళ చివరిసారి ఎన్ని గంటలకు వేసుకున్నారో రాసి తేవడం. రెండేళ్ళ కిందటి ఎకో రిపోర్టు చేతిలో ఉంటే కొత్తదాని అవసరం తరచూ ఉండదు.

చేత్తో, చెవితో చేసే పరీక్షకు 5 నిమిషాలు చాలు. నాడి వేగం, లయ. మెడ నరాలు ఉబ్బాయా? ఊపిరితిత్తుల అడుగున గరగర ఉందా? ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మంచంలో ఉన్నవారికి గుండె బలహీనపడి చేరే నీరు పాదాల్లో కాకుండా నడుము వెనక, త్రికం దగ్గర చేరుతుంది. పాదాలు నొక్కి వాపు లేదని తేల్చేస్తే తప్పిపోతుంది. ఆక్సిజన్ పెట్టకుండా, మామూలు గాలిలో ఆక్సిజన్ శాతం ఎంతో ఒకసారి చూసి రాసుకోవాలి. తర్వాత పోల్చుకోవడానికి ఆ ఒక్క అంకె చాలా ఉపయోగపడుతుంది.

ఈసీజీ అందరికీ తీయాలి, చేరిన గంటలోనే. దాన్లో వెతికేవి కొన్నే. కొత్త గుండెపోటు గుర్తులు, పూర్తి హార్ట్ బ్లాక్ (విద్యుత్ సంకేతం గుండె కింది గదులకు చేరకపోవడం), అదుపులో లేని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (పై గదులు లయ తప్పి కొట్టుకోవడం), పొటాషియం తేడాలు. పాత గుండెపోటు మచ్చ, కుడి బండిల్ బ్లాక్, అక్కడక్కడ అదనపు కొట్టుకోవడాలు ఆపరేషన్‌ను ఆపవు. గుండె విద్యుత్ దారిలో రెండు కొమ్మల్లో అడ్డంకి ఉన్నట్టు ఈసీజీ చూపినా, స్పృహ తప్పిన చరిత్ర లేకపోతే తాత్కాలిక పేసింగ్ అక్కర్లేదు. పూర్తి బ్లాక్‌లో, కొన్ని సంకేతాలు ఉన్నట్టుండి ఆగిపోయే మొబిట్జ్ రెండో రకం (రెండో డిగ్రీ) బ్లాక్‌లో మాత్రం మత్తు ఇచ్చేముందే గుండె డాక్టరు రావాలి.

రక్తంలో హిమోగ్లోబిన్, క్రియాటినిన్, సోడియం, పొటాషియం, షుగర్, గడ్డకట్టే పరీక్ష, గ్రూపు. ట్రోపోనిన్ విషయంలో నిపుణుల మధ్య ఏకాభిప్రాయం లేదు. ముందొకటి తీసి పెట్టుకుంటే ఆపరేషన్ తర్వాత వచ్చే అంకెతో పోల్చవచ్చు, అది మంచిదే. కానీ ఈసీజీ మార్పు, ఛాతీ నొప్పి, ఆయాసం ఏదీ లేకుండా ట్రోపోనిన్ ఒక్కటే కొద్దిగా పెరిగితే అది ఆపరేషన్ వాయిదా వేయడానికి కారణం కాదు. తుంటి విరిగినవారిలో చాలామందికి అది ఎంతోకొంత పెరిగే ఉంటుంది. గుండె మీద ఒత్తిడిని చూపే రక్త పరీక్ష ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ లీటరుకు 300 నానోగ్రాములు దాటితే గుండెకు ముప్పు ఎక్కువని తెలుస్తుంది. దాన్నిబట్టి ఆపరేషన్ తర్వాత ఎవరిని ఎక్కువ కనిపెట్టి ఉండాలో తేల్చుకోవచ్చు. ఆపరేషన్ చేయాలా వద్దా అన్నది మాత్రం దాంతో తేలదు.

ఇక ఎకో. అసలు చిక్కంతా ఇక్కడే.

ఎకో మంచి పరీక్ష. నొప్పి లేదు, ప్రమాదం లేదు. సరిగ్గా అందుకే దాన్ని ఆలోచించకుండా రాసేస్తారు. 80 ఏళ్ళ గుండెకు ఎకో తీస్తే రిపోర్టు ఖాళీగా రాదు. గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్, కవాటం గట్టిపడింది, మైట్రల్ కొద్దిగా లీకవుతోంది, ఇలా ఏవో నాలుగు మాటలుంటాయి. వయసుతో చర్మం ముడతలు పడినట్టే ఇవీ. వీటిలో ఏదీ మత్తు ఇచ్చే పద్ధతిని మార్చదు. కానీ కాగితం మీద చదివిన ఇంట్లోవాళ్ళు భయపడతారు. "గుండె కొద్దిగా దెబ్బతిందట, ముందు దానికి వైద్యం చేయించి ఆపరేషన్ చేయిద్దాం" అంటారు. పంపింగ్ 45 శాతం అని ఉంటే ఇంకా కంగారు. నిజానికి ఆపరేషన్ బల్ల మీద 45కి, 55కి పెద్ద తేడా లేదు. 25 అయితే ఉంది.

మరి ఎవరికి తీయాలి? స్పృహ తప్పి పడ్డవారికి. ఇంతకుముందు లేని ఆయాసం వచ్చినవారికి, గుండె నీరు పట్టిన గుర్తులున్నవారికి. నడిస్తే ఛాతీ నొప్పి వస్తూ, గుండె మీద చప్పుడు కూడా ఉన్నవారికి. తీవ్రమైన అయోర్టిక్ స్టెనోసిస్, అంటే ఆ కవాటం బాగా సన్నబడడం, అనిపించే చప్పుడున్నవారికి. ఆ చప్పుడుకి గుర్తులున్నాయి. ఛాతీ ఎముకకు కుడి పక్కన గరుకుగా వినిపించి మెడ దాకా పాకుతుంది, మెడ దగ్గర నాడి మెల్లగా లేస్తుంది, గుండె రెండో చప్పుడు మసకబారుతుంది లేదా వినిపించదు. చప్పుడు ఎంత గట్టిగా ఉంటే జబ్బు అంత ఎక్కువ అనుకోవడం పొరపాటు. పంపింగ్ బలహీనపడ్డాక చప్పుడు తగ్గిపోతుంది, జబ్బు తగ్గదు.

తీయాల్సినవారికి మంచం పక్కనే, 10 నిమిషాల్లో, నాలుగు ప్రశ్నలకు జవాబు వస్తే చాలు. అయోర్టిక్ కవాటం తెరుచుకుంటోందా? ఎడమ జఠరిక, అంటే ఒంటికి రక్తం పంపే గది, ఎలా కొడుతోంది? కుడివైపు గుండె ఉబ్బి ఊపిరితిత్తుల ఒత్తిడి పెరిగిందా? గుండె చుట్టూ నీరుందా? పూర్తి కొలతల రిపోర్టు తర్వాత రావచ్చు. కవాటం వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరు కంటే తక్కువ, దాని మీదుగా రక్తవేగం సెకనుకు 4 మీటర్లు లేదా ఎక్కువ, సగటు ఒత్తిడి తేడా 40 మిల్లీమీటర్లు లేదా ఎక్కువ ఉంటే తీవ్రమైన స్టెనోసిస్ అంటారు. పంపింగ్ బాగా తగ్గినవారిలో ఒత్తిడి తేడా 40కి చేరకుండానే కవాటం తీవ్రంగా సన్నబడి ఉండవచ్చు. అక్కడ ఒక్క అంకె చూసి ధైర్యపడకూడదు.

తీవ్రంగానే ఉందని తేలిందనుకుందాం. ఆపరేషన్ ఆపుతామా? చాలా సందర్భాల్లో ఆపం, పద్ధతి మారుస్తాం. చేతి ధమనిలో సన్నటి గొట్టం పెట్టి ప్రతి గుండె కొట్టుకోవడానికీ బీపీ చూస్తాం. బీపీ నిలబెట్టే మందును మత్తుకంటే ముందే సిరంజి పంపులో సిద్ధం చేసుకుంటాం. నాడి వేగం పెరగకుండా, లయ తప్పకుండా చూసుకుంటాం. అనుభవమున్న మత్తు డాక్టరు ఉంటారు. ఆపరేషన్ తర్వాత మొదటి రాత్రి ఐసీయూలో. ఇలా చూస్తే ఎకో దొరకని చోట ఏం చేయాలో కూడా తెలిసిపోతుంది. స్టెనోసిస్ గట్టిగా అనుమానించి, రేపటిలోపు ఎకో అందకపోతే, ఉన్నట్టే భావించి ఈ జాగ్రత్తలన్నీ తీసుకుని ముందుకు వెళ్ళాలి. ఎకో కోసం రెండు రోజులు ఆగడం కంటే అది భద్రం.

యాంజియోగ్రామ్, ట్రెడ్‌మిల్, మందిచ్చి చేసే స్ట్రెస్ పరీక్ష. విరిగిన తుంటికి ముందు వీటికి దాదాపు చోటు లేదు. రక్తనాళం పూడిక బయటపడితే ఏం చేస్తాం? స్టెంటు వేస్తే రెండు రకాల రక్తం పలచబడే మందులు నెలల తరబడి వాడాలి. వాటి మీద ఆపరేషన్ చేస్తే రక్తస్రావం, ఆపితే స్టెంటు మూసుకుపోతుంది. 2004లో వెలువడిన కార్ప్ పరీక్షలో, రక్తనాళాల పెద్ద ఆపరేషన్‌కు ముందు 510 మందిలో సగం మందికి గుండె నాళాలు బాగుచేసి చూశారు. ఆపరేషన్ చుట్టూ గుండెపోట్లు గానీ, తర్వాతి సంవత్సరాల్లో మరణాలు గానీ తగ్గలేదు. అది తుంటి విరిగినవారి మీద చేసింది కాదు. అయినా ముందే తేదీ పెట్టుకున్నవారికే ఒరగని లాభం రెండు రోజుల గడువున్నవారికి ఒరుగుతుందని ఆశించడానికి ఆధారం లేదు. ఈసీజీలో పెద్ద గుండెపోటు ఇప్పుడే నడుస్తుంటే సంగతి వేరు. అక్కడ ముందు గుండె, తర్వాతే ఎముక.

ఇప్పటిదాకా ఆపకూడని కారణాలే ఎక్కువ చెప్పాను. ఆపాల్సినవి నిజంగా ఉన్నాయి. బ్రిటన్ మత్తు డాక్టర్ల సంఘం 2011లో ఇచ్చిన మార్గదర్శకంలో ఒక పట్టీ ఉంది. హిమోగ్లోబిన్ 8 కంటే తక్కువ. సోడియం 120 కంటే తక్కువ లేదా 150 కంటే ఎక్కువ. పొటాషియం 2.8 కంటే తక్కువ లేదా 6 కంటే ఎక్కువ. అదుపులో లేని షుగర్. కొత్తగా వచ్చిన లేదా అదుపులో లేని గుండె వైఫల్యం. నిమిషానికి 120 దాటిన, సరిచేయగలిగిన లయ దోషం. ఒళ్ళంతా పాకిన ఛాతీ ఇన్ఫెక్షన్. సరిచేయగల గడ్డకట్టే లోపం. వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. ప్రతిదీ గంటల్లో సరిచేయగలిగిందే. ఆపడమంటే సరిచేయడానికి ఆపడం. కాబట్టి వాయిదా అని రాసినప్పుడు దాని పక్కనే మూడు విషయాలు ఉండాలి. ఏం సరిచేస్తున్నాం, ఎవరు చేస్తున్నారు, మళ్ళీ ఎన్ని గంటలకు చూస్తాం. "కార్డియాలజీ అభిప్రాయం కోసం వేచి ఉంది" అన్న వాక్యంలో ఈ మూడూ లేవు.

వేగంగా కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ తరచూ ఎదురవుతుంది కనుక దాని దగ్గర కాస్త ఆగుదాం. నాడి 140 చూడగానే చేయి మందు వైపు వెళ్తుంది. ముందు కారణం వెతకాలి. నొప్పి తగ్గిందా? ఒంట్లో నీరుందా, రక్తం తగ్గిందా? ఆక్సిజన్ ఎంత? పొటాషియం, మెగ్నీషియం ఎంత? ఇన్ఫెక్షన్ ఉందా? గుండె వేగాన్ని తగ్గించడానికి రోజూ వేసుకునే బీటా బ్లాకర్ బిళ్ళ ఈ గొడవలో నిన్నటి నుంచి మానేశారా? వీటిని సరిచేస్తే చాలాసార్లు మందు అక్కర్లేకుండానే వేగం దిగుతుంది. అప్పటికీ దిగకపోతే, బీపీ బాగుంటే నరం ద్వారా బీటా బ్లాకర్ కొద్దికొద్దిగా, బీపీ తక్కువుంటే అమియోడరోన్ లేదా డిగాక్సిన్. 100 దగ్గరికి వస్తే చాలు. లయ పూర్తిగా మామూలు కావాలని ఎదురుచూడనక్కర్లేదు.

గుండె వైఫల్యంలో చిక్కు వేరు. ఆయాసపడేవారిని కూర్చోబెట్టాలి, విరిగిన తుంటితో కూర్చోలేరు. అందుకే నొప్పి తగ్గించే బ్లాక్ ఇంజెక్షన్ ముందు, తర్వాత తల వైపు ఎత్తు, ఆక్సిజన్, నీరు తీసే ఫ్యూరోసెమైడ్ ఇంజెక్షన్. కొన్ని గంటల తర్వాత మళ్ళీ విని, ఆక్సిజన్ చూసి నిర్ణయించాలి. ఊపిరితిత్తులు పూర్తిగా ఆరిపోయేదాకా ఆగితే ఆ రోజు రాదు. ఆయాసం లేకుండా పడుకోగలిగితే బయలుదేరవచ్చు.

మందుల దగ్గర జరిగే పొరపాట్లు ఎక్కువ. బీటా బ్లాకర్ ముందునుంచీ వాడుతుంటే, నాడి మరీ నెమ్మదిగా, బీపీ మరీ తక్కువగా లేనంత వరకు ఆపరేషన్ ఉదయం కూడా రెండు గుక్కల నీళ్ళతో ఇవ్వాలి. వాడనివారికి గుండెను కాపాడతామని కొత్తగా మొదలుపెట్టకూడదు. 2008లో వచ్చిన పాయిజ్ పరీక్షలో 8351 మందికి ఆపరేషన్‌కు కొన్ని గంటల ముందు మెటోప్రొలాల్ లేదా ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చి చూశారు. గుండెపోట్లు 5.7 నుంచి 4.2 శాతానికి తగ్గాయి. కానీ మరణాలు 2.3 నుంచి 3.1కి, పక్షవాతం 0.5 నుంచి ఒక శాతానికి పెరిగాయి. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మానకూడదు. రామిప్రిల్, టెల్మిసార్టన్ లాంటి బీపీ బిళ్ళలు ఆపరేషన్ రోజు ఆపాలి. వాటితో మత్తులో బీపీ పడిపోతే లేపడం కష్టం. మళ్ళీ మొదలుపెట్టడం మరచిపోకూడదు, బీపీ, క్రియాటినిన్ కుదుటపడగానే ఇవ్వాలి.

షుగరుకో, గుండె వైఫల్యానికో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నవారు ఇప్పుడు చాలామంది. ఇవి చేరిన వెంటనే ఆపాలి. పస్తుంటే షుగర్ మామూలుగా చూపిస్తూనే ఒంట్లో కీటోన్లు పెరిగి రక్తం ఆమ్లంగా మారుతుంది. కారణం తెలియని ఆయాసం, వాంతులు కనిపిస్తే షుగర్ అంకె చూసి సరిపెట్టుకోక కీటోన్లు చూడాలి.

ఆస్పిరిన్ కోసం ఆపరేషన్ ఆగదు, నడుముకిచ్చే మత్తూ ఆగదు. రక్తం గడ్డకట్టనీయని మరో బిళ్ళ క్లోపిడోగ్రెల్ ప్రభావం పోవడానికి 5 నుంచి 7 రోజులు పడుతుంది. అన్ని రోజులు తుంటిని వదిలేయలేం. నడుములో సూది వద్దనుకుని పూర్తి మత్తుతో చేస్తారు, కొంచెం ఎక్కువ రక్తం పోతుందని ముందే సిద్ధపడతారు. ఇటీవలే స్టెంటు వేసినవారికి, ముఖ్యంగా నెల కూడా కానివారికి, గుండె డాక్టరుతో మాట్లాడకుండా ఏదీ ఆపకూడదు. ఈ ఫోను చేరిన రోజే చేయాలి.

రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవారికి, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ అంకె దానంతట అది దిగేదాకా ఆగితే నాలుగైదు రోజులు పోతాయి. చేరగానే విటమిన్ కె 5 మిల్లీగ్రాములు నరం ద్వారా ఇచ్చి, 6 గంటల తర్వాత ఐఎన్ఆర్ చూసి, కావాలంటే మళ్ళీ ఇస్తే మర్నాటికి చాలామందిలో 1.5 లోపుకి వస్తుంది. లోహపు కవాటం ఉన్నవారి సంగతి వేరు, అక్కడ గుండె డాక్టరు మాట కావాలి. అపిక్సాబాన్, రివరోక్సాబాన్ లాంటి కొత్త మందుల్లో కీలకం రెండే, చివరి బిళ్ళ ఎన్ని గంటలకు, మూత్రపిండాలు ఎలా ఉన్నాయి. మూత్రపిండాలు బాగుంటే చివరి బిళ్ళ వేసుకున్న 24 గంటలకు పూర్తి మత్తుతో ఆపరేషన్ చేయవచ్చు. నడుముకిచ్చే మత్తుకు ఇంకా ఎక్కువ వ్యవధి కావాలి. డాబిగాట్రాన్ సుమారు 80 శాతం మూత్రం ద్వారానే పోతుంది, కాబట్టి క్రియాటినిన్ పెరిగితే లెక్క మొత్తం మారిపోతుంది. దానికి విరుగుడుగా ఇడారుసిజుమాబ్ ఉంది.

పేస్‌మేకర్ ఉన్నవారికి పరికరం కార్డు చూసి, ఏడాదిలోపు పరీక్ష అయివుంటే చాలు. కరెంటు కత్తి ప్లేటును తొడకే అంటిస్తే కరెంటు దారి పరికరం దగ్గరికి రాదు. షాకిచ్చే పరికరం మీద అయస్కాంతం పెడితే షాకులు ఆగుతాయి, పేసింగ్ మారదు. మామూలు పేస్‌మేకర్ మీద పెడితే ఒకే వేగంతో కొట్టడం మొదలవుతుంది. ఈ రెండిటి తేడా ఆపరేషన్ గదిలో అందరికీ తెలిసి ఉండాలి.

మత్తు ఏదైతే మేలు? 2021లో ఫలితాలొచ్చిన రీగెయిన్ పరీక్షలో 1600 మందిలో 60 రోజులకు చనిపోవడం లేదా నడవలేకపోవడం నడుము మత్తులో 18.5 శాతం, పూర్తి మత్తులో 18 శాతం. అంటే దేంతో చేశామన్నది కాదు, ఎలా చేశామన్నది ముఖ్యం. నడుము మత్తుకు 0.5 శాతం బుపివకైన్ 2 మిల్లీలీటర్ల లోపే, అంటే 10 మిల్లీగ్రాముల లోపే. యువకులకిచ్చే 3 మిల్లీలీటర్లు ఇస్తే బీపీ కుప్పకూలుతుంది. సిస్టోలిక్ బీపీ మామూలు స్థాయి నుంచి 20 శాతానికి మించి పడనీయకూడదు. మామూలు స్థాయి అంటే పడ్డ వెంటనే నొప్పిలో చూసిన 180 కాదు, నొప్పి తగ్గాక వార్డులో చూసినది.

కృత్రిమ కీలు బిగించడానికి ఎముకలోకి సిమెంటు వేసే ఘడియ గుండెకు అన్నిటికంటే గడ్డు ఘడియ. ఎముక లోపలి ఒత్తిడికి కొవ్వు, మూలుగ ముక్కలు రక్తంలోకి జారి ఊపిరితిత్తుల నాళాలను మూస్తాయి. కుడివైపు గుండె ఒక్కసారిగా ఉబ్బుతుంది. ఈ ప్రమాదానికి మూడు స్థాయిలున్నాయి. ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గినా, సిస్టోలిక్ బీపీ 20 శాతానికి మించి పడినా మొదటి స్థాయి. 88 కంటే తగ్గినా, బీపీ 40 శాతానికి మించి పడినా, అనుకోకుండా స్పృహ తప్పినా రెండోది. గుండె ఆగి ఛాతీ నొక్కాల్సి వస్తే మూడోది. గుండె వైఫల్యం, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు, నీటి బిళ్ళలు వాడేవారు ఎక్కువ ముప్పులో ఉంటారు. ఎముక గొట్టాన్ని బాగా కడిగి, ఆరబెట్టి, లోపలికి గాలి పీల్చే గొట్టం పెట్టి, సిమెంటును గన్‌తో అడుగు నుంచి పైకి నింపాలి. గట్టిగా అదమకూడదు. "సిమెంటు వేస్తున్నాను" అని సర్జను గట్టిగా చెప్పాలి. మత్తు డాక్టరు అప్పటికే ఆక్సిజన్ పెంచి, బీపీ మందు చేతిలో పట్టుకుని ఉండాలి.

ముప్పు లెక్కకు వాడే నాటింగ్‌హామ్ స్కోరులో ఏమున్నాయో చూడండి. వయసు, మగవారా, హిమోగ్లోబిన్ 10 లేదా తక్కువా, జ్ఞాపకశక్తి పరీక్షలో 10కి 6 లేదా తక్కువా, సంరక్షణ గృహంలో ఉంటారా, ఒకటి కంటే ఎక్కువ జబ్బులా, క్యాన్సరా. గుండెకంటూ ప్రత్యేకంగా గడి లేదు. మిగతా జబ్బుల్లో ఒకటిగానే వస్తుంది. ఇంట్లోవారితో మాట్లాడేటప్పుడు "గుండె ఎలా ఉందో చూసి చెప్తాం" అనడం కంటే మొత్తం మనిషి గురించి చెప్పడం నిజాయితీ. మంచంలోనే ఉండే, చివరి దశ జబ్బున్న వారికి కూడా నొప్పి లేకుండా పక్క మార్చడానికి ఈ ఆపరేషన్ చేస్తారు. ఆ విషయం ముందే చెప్తే కుటుంబం సరిగ్గా నిర్ణయించుకోగలదు.

ఆపరేషన్ అయిపోగానే గుండె గురించి మరచిపోవడం మరో పెద్ద పొరపాటు. గుండె దెబ్బతినేది ఎక్కువగా మొదటి 2, 3 రోజుల్లోనే, ఎక్కువమందిలో ఛాతీ నొప్పి లేకుండానే. నొప్పి మందులు దాన్ని కప్పేస్తాయి. అది అయోమయంగా, ఆయాసంగా, అన్నం వద్దనడంగా, కొత్త ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌గా బయటపడుతుంది. ముప్పు ఎక్కువున్నవారికి మొదటి 48 నుంచి 72 గంటలు రోజుకోసారి ట్రోపోనిన్ చూడడం ఉపయోగకరం. పెరిగితే ముందు ఈసీజీ, తర్వాత కారణం. రక్తం తగ్గిందా, బీపీ పడిందా, ఆక్సిజన్ తగ్గిందా, నాడి పరుగెడుతోందా? వాటిని సరిచేయాలి. రక్తస్రావం భయం లేకపోతే ఆస్పిరిన్, స్టాటిన్ మొదలుపెట్టే విషయం గుండె డాక్టరుతో మాట్లాడాలి. కార్డియాలజీ సలహా నిజంగా పనికొచ్చేది ఈ రోజుల్లోనే.

గుండె జబ్బు లేదా దాని ముప్పున్న 2016 మందిలో తుంటి ఆపరేషన్ తర్వాత జరిగిన ఫోకస్ పరీక్షలో, హిమోగ్లోబిన్ 10 దగ్గరే రక్తం ఎక్కించినా, 8 దాకా లేక లక్షణాలు వచ్చేదాకా ఆగినా, 60 రోజుల ఫలితాల్లో తేడా రాలేదు. లక్షణాలు అన్నది ఇందులో ముఖ్యమైన మాట. ఛాతీ నొప్పి, సెలైన్‌కు తగ్గని నాడి వేగం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం ఉంటే 8 కోసం చూడనక్కర్లేదు. రక్తం ఎక్కించేటప్పుడు ఒక్కో యూనిట్ నెమ్మదిగా ఇచ్చి, మధ్యలో ఊపిరితిత్తులు వినాలి. రెండో, మూడో రోజు రాత్రి వచ్చే ఆయాసానికి చాలాసార్లు కారణం మొదటి రోజు పరుగులో ఎక్కించిన సెలైన్, ఆపి మళ్ళీ మొదలుపెట్టని నీటి బిళ్ళ. అందుకే మొదటి రోజు ఉదయం ఫిజియోథెరపిస్టు నిలబెట్టేముందే మందుల కాగితం పక్కన పెట్టుకుని, ఆపినవాటిలో ఏది ఎప్పుడు మొదలుపెట్టాలో తేదీ వేసి రాయాలి. అదే కాగితం ఇంటికి వెళ్ళేరోజు కుటుంబం చేతికి ఇవ్వాలి. స్పృహ తప్పి పడ్డవారైతే ఎకో, 24 గంటల ఈసీజీ ఏ రోజుకు కుదిరాయో కూడా అందులోనే ఉండాలి.